మానేసిన ముద్ద ఎవరిది?

శుక్రవారం చికెన్ మానేసి కొరమీను పులుసు తింటే అది ఉపవాసమేనా?

తపస్సు కాలం వచ్చిందంటే చాలు, మా కతోలిక కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా తిరిగే జోకు ఇది. రూల్ ప్రకారం తప్పేమీ లేదు. చర్చి వద్దన్నది మాంసాన్ని, చేపని కాదు. కాకపోతే ఒకసారి మార్కెట్‌కి వెళ్లి చూడండి. కిలో కొరమీను కొనే డబ్బుతో కిలో చికెన్ కొంటే ఇంకా చిల్లర మిగులుతుంది. అంటే శుక్రవారం పేరు చెప్పి ఆ ఇంట్లో భోజనం ఇంకాస్త రుచిగా, ఇంకాస్త ఖరీదుగా తయారైందన్నమాట. రూల్ పాటించేశాం. మరి ఆ రూల్ దేనికోసం పెట్టారో ఆ పని జరిగిందా?

కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధే. టెస్టులన్నీ పాసవుతాయి, యూజర్ పని మాత్రం అవ్వదు. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

రెండ్రోజులేనా బ్రో?

ముందు ఈ సంగతులు తెలియనివాళ్ల కోసం కొంచెం లెక్క. నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు వేసే విభూది బుధవారం నుంచి పాస్క పండుగ, అంటే ఈస్టర్, ముందు రోజు వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ఆదివారాలు పునరుత్థానాన్ని తలుచుకునే రోజులు కాబట్టి ఆ ఆరూ తీసేయాలి. మిగిలినవి 40. యేసు ఎడారిలో ఉపవాసం ఉన్న 40 రోజులకి ఇది గుర్తు. దీన్నే తపస్సు కాలం అంటాం. ఇంగ్లిష్‌లో లెంట్.

ఈ 40 రోజులకి చర్చి చెప్పే పనులు మూడు: ప్రార్థన, ఉపవాసం, దానధర్మం. ఇందులో తిండికి సంబంధించి తప్పనిసరి నియమం చాలా చిన్నది. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం, ఈ రెండు రోజులూ ఉపవాసం. ఉపవాసం అంటే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకపోవడం కాదు. ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు వేళల్లో కొద్దిగా ఏదైనా. 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 60వ ఏడు మొదలయ్యే వరకు ఇది వర్తిస్తుంది. శుక్రవారాలు మాంసం మానడం అనేది 14 నిండినవాళ్లకి.

ఆఫీసులో పక్క సీటు ఫ్రెండ్‌కి ఇదంతా చెబితే నవ్వాడు. ‘రెండ్రోజులేనా బ్రో? మా ఇంట్లో రంజాన్‌కి నెల రోజులు ఉంటాం’ అన్నాడు. నిజమే. ఒకప్పుడు మాకూ అంతే ఉండేది. ఆదివారాలు తప్పించి తపస్సు కాలం అంతా ఉపవాస దినాలే. అంతకు ముందు, మధ్యయుగాల్లో, మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న కూడా నిషేధం. ఈస్టర్‌కి గుడ్ల సంబరం ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా, అన్ని రోజులు ముట్టకుండా ఉన్న వస్తువు అది.

1966 ఫిబ్రవరిలో పోప్ ఆరవ పాల్ ఈ నియమాలన్నీ తిరగరాశారు. కఠినత్వం తగ్గించారని మాత్రమే చాలామందికి తెలుసు. అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. డబ్బున్న దేశాల్లో ఉండేవాళ్లు తమ సుఖాన్ని తగ్గించుకుని, ఆకలితో ఉన్న తోటివాళ్లకి, దూరదేశాల్లో వాళ్లకి కూడా, ప్రేమ చూపించాలని. పేద దేశాల్లో వాళ్లకేమో వాళ్ల కష్టాన్నే దేవుడికి అర్పించుకోమని, న్యాయం కోసం పాటుపడమని. అంటే ఏడాది పొడుగునా పస్తులుండే మనిషికి, పొట్ట తగ్గించుకోవడానికి జిమ్‌కి వెళ్లే మనిషికి ఒకే కొలత పెట్టడం కుదరదని చర్చికి తెలుసు. రూల్ చిన్నదైంది, కానీ బాధ్యత మన చేతికొచ్చింది.

మనం ఆ చిన్న రూల్ మాత్రం గుర్తుపెట్టుకున్నాం.

శుక్రవారం మార్కెట్

రూల్‌ని మాత్రమే పట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలోని సిన్సినాటి వెళ్లాలి. 1962లో అక్కడ లూ గ్రోయెన్ అనే ఆయనకి ఒక మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీ ఉండేది. చుట్టుపక్కల అంతా కతోలికులే. శుక్రవారం వస్తే బర్గర్ అమ్ముడుపోదు. ఆయన ఆలోచించి చేపతో ఒక శాండ్‌విచ్ తయారుచేశాడు. అదే ఫిలే–ఓ–ఫిష్. శుక్రవారం అమ్మకాలు నిలబడ్డాయి, తర్వాత అది ప్రపంచమంతా పాకింది. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు, వ్యాపారం చేసుకున్నాడు. కాకపోతే ఇది గమనించండి: మనం ఒకటి మానేస్తే, ఆ ఖాళీలోకి ఇంకో వస్తువు అమ్మడానికి మార్కెట్ ఎప్పుడూ రెడీ.

ఇది కొత్త రోగం కూడా కాదు. ఫ్రాన్స్‌లోని రువాన్ పట్టణంలో పెద్ద కథెడ్రల్ ఉంది. దాని గోపురాల్లో ఒకదాని పేరు ‘వెన్న గోపురం’. 15వ శతాబ్దం చివర్లో కట్టడం మొదలైన ఈ గోపురానికి ఆ పేరెందుకంటే, తపస్సు కాలంలో వెన్న తినడానికి అనుమతి కావాలనుకున్నవాళ్లు ఇచ్చిన డబ్బు దానికి వాడారని చెబుతారు. డబ్బు కట్టు, వెన్న తిను. పేదవాడు అటు వెన్నా తినలేదు, ఇటు ఆ డబ్బూ వాడి ఇంటికి రాలేదు. రాయి మీద రాయి పేరుకుని గోపురం మాత్రం లేచింది.

అసలు ఫార్ములా

మరి ఉపవాసం మొదట్లో ఎలా ఉండేది? రెండో శతాబ్దంలో రోమ్‌లో హెర్మాస్ అనే క్రైస్తవుడు ‘కాపరి’ అని ఒక పుస్తకం రాశాడు. తొలి తరాల క్రైస్తవులు చాలా గౌరవంగా చదువుకున్న పుస్తకం అది. అందులో ఉపవాసం ఎలా చేయాలో చెప్పే చోట ఆశ్చర్యంగా ఒక లెక్క ఉంటుంది. ఉపవాసం రోజు రొట్టె, నీళ్లు మాత్రమే తీసుకో. ఆ రోజు మామూలుగా తినాల్సిన భోజనానికి ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టు. ఆ మొత్తాన్ని పక్కన పెట్టి ఒక విధవరాలికో, అనాథకో, అవసరంలో ఉన్నవాళ్లకో ఇచ్చెయ్. అంతే.

దాదాపు అదే కాలంలో ఏథెన్స్‌కి చెందిన అరిస్తీదెస్ అనే తత్వవేత్త క్రైస్తవులు ఎలా బతుకుతారో వివరిస్తూ రోమన్ చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. వాళ్లలో ఎవరికైనా తిండి లేకపోతే, ఇవ్వడానికి మిగతావాళ్ల దగ్గర కూడా మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు వాళ్లే ఉపవాసం ఉండి ఆ తిండి అవతలివాళ్లకి పెడతారని అందులో ఉంది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. ఉపవాసం వేరు, దానం వేరు అని మనం రెండు డబ్బాల్లో పెట్టుకున్నాం. ఒకటి నా ఒంటికి సంబంధించినది, రెండోది నా బ్యాంక్ అకౌంట్‌కి సంబంధించినది అన్నట్టు. వాళ్లకి అవి రెండూ ఒకటే పని. నా కంచంలోంచి తీసిన ముద్ద ఇంకొకరి కంచంలో పడితేనే ఆ పని పూర్తయినట్టు. మధ్యలో ఆ ముద్ద నా జేబులోనే ఆగిపోతే? ఐదో శతాబ్దంలో అగస్టీన్ తన తపస్సు కాలపు ప్రసంగాల్లో ఈ మాటే పదే పదే చెప్పాడు. ఉపవాసం ఉన్న క్రైస్తవుడు మానుకున్నది ఆకలితో ఉన్న క్రీస్తుకి చేరాలని ఆయన వాదన. చేరకపోతే దానికి పేరు పొదుపు. ఇంకొంచెం మర్యాదగా చెప్పాలంటే డైట్.

ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేసేవాళ్లని నేనేమీ అనట్లేదు. ఒంటికి మంచిదైతే చేసుకోండి. దానికి దేవుణ్ణి సాక్షిగా పిలవకపోతే చాలు.

నా లెక్క ఇదీ

ఉదాహరణకి నా సంగతే తీసుకుందాం. ఆఫీసుకి వెళ్లే ఒక మామూలు రోజున పొద్దున టిఫిన్ 60, క్యాంటీన్‌లో థాలీ 130, సాయంత్రం టీ, స్నాక్స్ 60, రాత్రి యాప్‌లో పార్సెల్ 180. మొత్తం 430 రూపాయలు. ఉపవాసం రోజు ఒక థాలీ 130, రెండు వేళల్లో అరటిపళ్లు, పాలు కలిపి 30. అంటే 160. తేడా 270.

నియమం రెండు రోజులకే అయినా, తపస్సు కాలంలో వచ్చే ఏడు శుక్రవారాలూ, విభూది బుధవారమూ కలిపి ఎనిమిది రోజులు ఇలా ఉంటే 2,160 రూపాయలు. మా వీధి కిరాణా కొట్లో మామూలు రకం బియ్యం పాతిక కిలోల బస్తా, దాంతో పాటు రెండు మూడు కిలోల కందిపప్పు వచ్చే డబ్బు. ఒక కుటుంబానికి నెల సరుకులో పెద్ద భాగం. నాకేమో ఒక శనివారం రాత్రి ఫ్రెండ్స్‌తో బయటికెళ్తే నా వాటాకి దగ్గర్లో ఉండే బిల్లు.

ఈ లెక్కలో నాకు నచ్చేది దాని నిజాయితీ. ‘ఏదో తోచింది ఇద్దాం’ అనుకున్నప్పుడు చేయి ఎప్పుడూ యాభై నోటు దగ్గరే ఆగుతుంది. లెక్క కడితే అంకె మన మూడ్‌ని అడగదు.

ఇదే ఆలోచనని పెద్ద ఎత్తున చేసినవాళ్లున్నారు. 1975లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలెన్‌టౌన్‌లో చిన్న అట్టపెట్టె ఒకటి మొదలైంది. పేరు రైస్ బౌల్. తపస్సు కాలంలో భోజనం తగ్గించుకుని మిగిలిన డబ్బులు ఇంటి టేబుల్ మీద పెట్టుకున్న ఆ పెట్టెలో వేయడం. ఇప్పుడది దేశమంతా నడుస్తోంది. వచ్చినదాంట్లో 75 శాతం బయటి దేశాల్లో పనులకి, 25 శాతం స్థానికంగా ఆకలి తీర్చడానికి. మన దేశంలో 1962లో మొదలైన కారితాస్ ఇండియా కూడా ఏటా తపస్సు కాలంలోనే ఆకలి, వ్యాధుల మీద ప్రచారం నడిపి విరాళాలు సేకరిస్తుంది.

అట్టపెట్టె రాకముందే మన పల్లెల్లో క్రైస్తవ ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. పిడికెడు బియ్యం. మా నాయనమ్మ రోజూ అన్నానికి బియ్యం కొలిచాక, కడగడానికి ముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసేది. డబ్బా నిండాక గుడికి పంపేది. అక్కడినుంచి లేనివాళ్లకి. ఆమె కూలికి వెళ్లే మనిషి. మిగిల్తే ఇద్దాం అనుకుంటే ఆ ఇంట్లో ఏ రోజూ ఏదీ మిగిలేది కాదు. అందుకే ముందే తీసేది. హెర్మాస్ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. వినాల్సిన అవసరం కూడా రాలేదు.

మూడు రోజుల పంచదార

ఈ మొత్తం విషయాన్ని నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది ఏ ప్రసంగమూ కాదు, నాలుగేళ్ల పిల్లాడు. 1979 డిసెంబర్‌లో ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్నప్పుడు మదర్ తెరెసా తన ఉపన్యాసంలో చెప్పిన సంగతి ఇది. కలకత్తాలో ఒకసారి పంచదార దొరకడం కష్టమైంది. మదర్ తెరెసా దగ్గరున్న పిల్లలకి పంచదార లేదని ఒక హిందూ కుటుంబంలోని ఈ బుడ్డోడికి తెలిసింది. ఇంటికెళ్లి, మూడు రోజులు నేను పంచదార తినను, నాది వాళ్లకి ఇచ్చేస్తా అన్నాడు. మూడు రోజులయ్యాక అమ్మానాన్న వాణ్ణి తీసుకుని ఆ పంచదారతో వచ్చారు. ఆమె పేరు కూడా వాడికి సరిగ్గా నోరు తిరగలేదట.

వాడికి తపస్సు కాలం తెలియదు, చర్చి చట్టం తెలియదు. కానీ మూడు రోజులు చాయ్‌లో పంచదార లేకపోతే ఎలా ఉంటుందో తెలుసుకున్నాడు. ఆ మూడు రోజుల తీపి ఎవరి దగ్గరికి వెళ్లిందో కూడా కళ్లారా చూశాడు. అదే ఏడాది మదర్ కూడా ఇంచుమించు అదే పని చేశారు. నోబెల్ విజేతకి ఇచ్చే విందు వద్దని, ఆ డబ్బు పేదలకి ఇవ్వమని అడిగారు. విందు రద్దయింది.

కెమెరా ఆఫ్ చేయండి

విభూది బుధవారం పూజలో ఒక తమాషా ఉంటుంది. ఆ రోజు చదివే సువిశేషం మత్తయి 6వ అధ్యాయం. దానం చేస్తే బాకా ఊదుకోవద్దని, కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియనివ్వొద్దని, ఉపవాసం ఉంటే ముఖం వేలాడేసుకోకుండా శుభ్రంగా కడుక్కోమని యేసు చెప్పే భాగం. అది విన్న కాసేపటికే అందరం నుదుటి మీద బూడిద పెట్టించుకుని వీధిలోకి వస్తాం! ఆ వెంటనే సెల్ఫీ.

సరే, సెల్ఫీని వదిలేద్దాం. బూడిద పెట్టుకోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు. నాకు నిజంగా ఇబ్బందిగా అనిపించేది దానం వీడియోలు. బియ్యం ప్యాకెట్ ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో. ప్యాకెట్ అందుకుంటున్న ముసలావిడ కెమెరా వైపు చూడాలో, కింద చూడాలో తెలియక నిలబడుతుంది. రహస్యంగా ఇవ్వమని చెప్పింది ఇచ్చేవాడి గర్వం పెరగకూడదని మాత్రమే అని మనం అనుకుంటాం. ఆవిడ వైపు నుంచి కూడా చూడండి. రేపు ఆ వీడియో ఆవిడ మనవడి ఫోన్‌కి వస్తుంది. వాడి క్లాస్‌మేట్స్ ఫోన్లకీ వస్తుంది.

క్రిస్మస్ తాత వెనకున్న సెయింట్ నికోలస్ గురించి ఒక పాత కథ ఉంది. కట్నం ఇవ్వలేక ముగ్గురు కూతుళ్ల పెళ్లి ఆగిపోయిన ఇంట్లోకి ఆయన రాత్రిపూట బంగారం మూట విసిరేసి వెళ్లిపోయేవాడట. ఎందుకు రాత్రి? పొద్దున్నే ఆ తండ్రి తలెత్తుకుని వీధిలోకి రావాలి కాబట్టి.

అలాగని అడగడం తప్పని కాదు. ఎవరి ఆపరేషన్‌కో డబ్బు కావాలంటే లింక్ షేర్ చేయాల్సిందే. అక్కడ కనిపించేది అవసరం. యూపీఐలో పంపించి స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెడితే కనిపించేది నేను. తేడా అక్కడుంది.

రహస్యంగా ఇవ్వడమంటే మొహం చూడకుండా విసిరేయడం కూడా కాదు. పోప్ ఫ్రాన్సిస్ చాలాసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది: ధర్మం చేసేటప్పుడు ఆ మనిషి కళ్లల్లోకి చూస్తావా, చెయ్యి తాకుతావా అని. సిగ్నల్ దగ్గర కారు అద్దం రెండంగుళాలు దించి నాణెం జారవిడిచేవాళ్లందరికీ ఆ ప్రశ్న తగులుతుంది. ‘ఇస్తే తాగేస్తాడు’ అనే మన పాత సాకుకి కూడా ఆయన 2017లో మిలాన్‌లో వచ్చే, ఇల్లులేనివాళ్లతో కలిసి నడిపే ఒక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో జవాబు చెప్పారు. ఒక గ్లాసు వైన్ ఒక్కటే ఆ మనిషి జీవితంలో ఉన్న సంతోషమైతే, కానివ్వండి, ఇవ్వడం ఎప్పుడూ సరైనదే అని.

జీతం ఇచ్చాకే దానం

ఉపవాసం మీద బైబిల్లో అన్నిటికన్నా కటువైన మాటలు యెషయా గ్రంథం 58వ అధ్యాయంలో ఉన్నాయి. మేం ఉపవాసం ఉంటే దేవుడు పట్టించుకోవట్లేదేంటని జనం ఫిర్యాదు చేస్తారు. వచ్చే జవాబు ఏంటంటే, మీరు ఉపవాసం ఉన్న రోజే మీ పనివాళ్లని పిండేస్తున్నారు కదా అని. బంధాలు తెంచడం, ఆకలిగొన్నవాడికి రొట్టె పంచడం, ఇల్లులేనివాణ్ణి ఇంట్లోకి తీసుకోవడం, అదీ ఉపవాసం అని.

దీన్ని మన అపార్ట్‌మెంట్‌కి తెచ్చుకుందాం. ఇంట్లో పనిచేసే అక్క జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే జీతం కోసేసి, ఆ నెలలోనే అనాథాశ్రమానికి వెయ్యి రూపాయలు పంపిస్తే ఆ వెయ్యి ఎవరిది? రావాల్సిన జీతం ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం. నాలుగో శతాబ్దపు జాన్ క్రిసోస్తోమ్ ఇంకా ముందుకెళ్లి, మన దగ్గరున్నది పేదలతో పంచుకోకపోవడమే దొంగతనం అన్నాడు. కతోలిక సత్యోపదేశంలో కూడా ఆ మాట చేర్చారు. వినడానికి గట్టిగా ఉంటుంది కానీ, హెర్మాస్ లెక్కకి ఇదే పునాది. పక్కన పెట్టిన 270 రూపాయలు నా దయ కాదు. అవతలివాళ్లకి చేర్చాల్సినవి.

ఎవరు మానక్కర్లేదు

షుగర్ ఉన్నవాళ్లు, మందులు వేసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు ఉపవాసం ఉండాలని చర్చి పట్టుబట్టదు. తిండితో ఇప్పటికే గొడవపడుతున్నవాళ్లు, బరువు గురించి భయంతో తినడం మానేసేవాళ్లు, దయచేసి దీని జోలికి రావొద్దు. చర్చి చట్టంలోనే 1253వ నియమం ఉపవాసానికి బదులు వేరే తపస్సు నిర్ణయించే అధికారం ఆయా దేశాల పీఠాధిపతులకి ఇస్తూ, ముఖ్యంగా దయాకార్యాలు అని పేరు పెట్టి చెప్పింది. కంచం తగ్గించలేకపోయినా చేయి చాచొచ్చు.

ఇక ‘నేను ఈ 40 రోజులూ ఇన్‌స్టా మానేస్తున్నా’ అనేవాళ్లకి. మంచిదే. ఫోన్ వదిలి సువిశేషం పట్టుకోమని పోప్ ఫ్రాన్సిస్ కూడా 2020 విభూది బుధవారం నాడు చెప్పారు. కాకపోతే అదే ఫార్ములా ఇక్కడా వేయండి. రోజుకి గంటన్నర మిగిలితే ఆ గంటన్నర ఎటు వెళ్లింది? నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్తే అది కొరమీను పులుసే. ఊళ్లో ఒంటరిగా ఉన్న పెద్దమ్మకి ఫోన్ చేయడానికో, వాచ్‌మన్ కొడుక్కి లెక్కలు చెప్పడానికో వెళ్తే అది ఉపవాసం.

మీరు ఏ మతంవాళ్లైనా సరే, ఏకాదశి అయినా, రోజా అయినా, శుక్రవారమైనా, మీరు మానేసే ఆ ఒక్క రోజుకి ఈ లెక్క వేసి చూడండి. ఫోన్లో కాలిక్యులేటర్ ఉంది, రెండు నిమిషాల పని. వచ్చిన అంకెని ఆ రోజు రాత్రి పడుకునేలోపు ఎవరికి చేరాలో వాళ్లకి చేర్చండి.

ఎంత వచ్చిందో, ఎవరికిచ్చారో కామెంట్లలో మాత్రం రాయకండి.